చెవి మిషను

బరంపురంలో కొన్నాం. ఇరవై రెండు వేలు.
అమ్మకి రెండు వేల రెండొందలని చెప్పాను.
అదీ ఎక్కువేనంది.
"సెనగ్గింజంత లేదు, దీనికంతేటి?"

పర్లాకిమిడి వచ్చేదాకా బస్సులో పెట్టుకోలేదు,
దుమ్ము పడతాదట.
ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని,
దేవుడి మూల కాసేపు ఉంచి
అప్పుడు తొడిగించుకుంది,
ముక్కు కుట్టించుకుంటున్నట్టు కళ్లు మూసుకుని.

మొదటి మాట:
"ఆ ఫేను ఇన్నాళ్లూ అలా మూలుగుతోందేట్రా?"
తర్వాత అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.
కుక్కరు మూడో కూత,
మేడ మీద టేంకు పొర్లడం,
బూడిదరంగు పిల్లి పళ్లెం నాకే చప్పుడు.
తన గాజులు తనకే కొత్తగా వినిపించి
చెయ్యి రెండుసార్లు విదిలించి చూసుకుంది.

నేను మాత్రం గోడ గడియారం చూస్తున్నాను.

ఏడింటికి ఝునూ వాళ్లమ్మకి ఫోన్ చేస్తుంది.
పదకొండేళ్లుగా, వంటింట్లోనే, స్పీకర్లో పెట్టి.
చేతులు పిండిలో ఉంటాయి కదా.
అంతా ఒడియాలో.
బుఢీ ఇవాళ కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది.
బుఢీ నా డాల్మాలో దొంగతనంగా చింతపండు పిసికింది.
బుఢీకి నేను మడిచిన చీర కూడా వంకరే.
అక్కడ దిగపహండిలో వాళ్లమ్మ నిట్టూరుస్తుంది.
ఇక్కడ గుమ్మం దగ్గర మా అమ్మ
చిక్కుడుకాయలకి ఈనె తీస్తూ ఉంటుంది.
చెవి లేదు. భాష రాదు.
రెండు తలుపులు, రెంటికీ గడియ.
ఆ ధైర్యం మీదే మా కాపురం ఇన్నాళ్లు నడిచింది.

ఆ రోజు ఏడుకి ఐదు నిమిషాలుండగా
అమ్మ చెవిలోంచి మిషను తీసింది.
డబ్బాలో పెట్టి మూత నొక్కింది.
"బేటరీ అయిపోద్దిరా."
మర్నాడూ అంతే. ఆ మర్నాడూ.
ఎనిమిదింటికి మళ్లీ పెట్టుకునేది, సీరియల్ కోసం.
అప్పుడు మాత్రం బేటరీ గుర్తు రాదు.

నాకు అనుమానం అక్కడ మొదలైంది.
అమ్మమ్మ సెరంగో సంతలో చింతపండు అమ్మేది.
పక్కన తక్కెడ పట్టుకున్నది పదేళ్ల మా అమ్మే.
ఒడియా రాకుండా, సవర రాకుండా
ఆ సంతలో పావలా చేతికొస్తుందా?

పెరట్లో మెల్లిగా అడిగాను.
(మెల్లిగా అడిగితే వినపడ్డం అదే మొదటిసారి.)
చిక్కుడుకాయ మీంచి కళ్లెత్తలేదు.
"వొచ్చునంటే సమాదానం సెప్పాల కదరా.
గుంట వొల్లమ్మతో సెప్పుకుంటంది, సెప్పుకోనీ.
నానూ మాయమ్మకి సెప్పుకుందును,
ఆ కాలంలో ఫోనుంటే."
మరి చెవి?
"కొంత ఇనబడేదిలే.
సింతపండు మాట మట్టుకు నిజిమే."

పోయిన మంగళవారం ఝునూకి జ్వరం. నూట మూడు.
దుప్పటి కింద ముడుచుకుని
తన చిన్నప్పటి మాటల్లో ఏదో కలవరిస్తోంది.
నేను మాత్రల అట్ట పట్టుకుని నిలబడ్డాను.
అమ్మ వచ్చి, మంచం పట్టె మీద కూర్చుని
నుదుటి మీద చెయ్యి వేసి
"కొణొ ఖాయిబు, మా?" అంది.
ఏం తింటావమ్మా అని.
సంత ఒడియా. మొరటుగా, తూకం తప్పకుండా.

ఝునూ కళ్లు తెరిచింది.
అమ్మ వైపు కాదు, నా వైపు.
ఆ జ్వరంలోనే లెక్క కడుతోంది:
పదకొండేళ్లు, రోజుకో అరగంట,
గ్లాసులు, చీరలు, చింతపండు,
ఇంకా నేనిక్కడ రాయలేనివి రెండు మూడు.
"పఖాళొ" అంది చివరికి, గొంతు పెగుల్చుకుని.
అమ్మ వెంటనే తెలుగులోకి వచ్చేసింది.
"జెరంలో సద్దన్నమేటే? గెంజి కాస్తానుండు."

అమ్మ గడప దాటాక ఝునూ గుసగుసలాడింది:
అన్నీ విన్నారా?
బల్ల మీద డబ్బా చూపించాను. మూత వేసే ఉంది.
ఏడు దాటి పది నిమిషాలు.
దిగపహండి నుంచి ఫోను మోగుతోంది,
మా ఇద్దరికీ చెయ్యి లేవడం లేదు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది:
"ఎవులో ఒకులు ఎత్తండర్రా,
అక్కడావిడ కంగారు పడతాది."